హెల్త్ ఈక్విటీలో రీసెర్చ్ అసిస్టెంట్ పని: బెంగళూరులో డిగ్రీ చదివే మన పిల్లలు ఏది ఎంచుకోవాలి?

సెమిస్టర్ సెలవులు దగ్గరపడితే చాలు, బెంగళూరులో చదువుకుంటున్న మన పిల్లల నుంచి ఇలాంటి మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, ఒక ఎన్జీవో వాళ్ళు బస్తీ సర్వేకి రమ్మంటున్నారు. మా ప్రొఫెసర్ గారేమో జాతీయ సర్వే డేటా మీద కూర్చోమంటున్నారు. ఇంకొకచోట తెలుగు ఇంటర్వ్యూలు టైప్ చేసి ఇంగ్లీషులోకి మార్చిపెట్టమంటున్నారు. దేనికి సరే అనను?" అడిగేవాళ్ళలో ఎంబీబీఎస్, నర్సింగ్ వాళ్ళున్నారు. సైకాలజీ, స్టాటిస్టిక్స్, ఇంజినీరింగ్ చదివేవాళ్ళూ ఉన్నారు. అన్నింటినీ రీసెర్చ్ అసిస్టెంట్ పని అనే అంటారు. కానీ రోజంతా చేసేది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఆఖర్న చేతిలో మిగిలేదీ అంతే.

హెల్త్ ఈక్విటీ అంటే ఏమిటో కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. ఎవరికి జబ్బు ముందొస్తుంది, ఎవరికి వైద్యం ఆలస్యంగా అందుతుంది, అందులో కులం, కూలి, ఆడా మగా తేడా, ఊరు విడిచి రావడం ఎంత పనిచేస్తున్నాయి, వీటిలో మనం ఆపగలిగిన అన్యాయం ఎంత అన్నదే ఈ రంగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన సామాజిక కారణాల కమిషన్ 2008లో నివేదిక ఇచ్చాక ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది.

బెంగళూరులో ఈ పని అంతకంటే చాలా ముందే మొదలైంది. బళ్ళారి రోడ్డులోని నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ 1959లో పుట్టింది. అక్కడ పనిచేసిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ కలిసి తుమకూరు జిల్లా పల్లెల్లో చేసిన అధ్యయనం 1963లో అచ్చయింది. పల్లె జనానికి క్షయ లక్షణాలు తెలియవు, దగ్గొచ్చినా పట్టించుకోరు అని పెద్దపెద్దవాళ్ళే అనుకునే రోజులవి. ఇళ్ళకు వెళ్ళి అడిగితే తేలిందేమిటంటే, క్షయ ఉన్నవాళ్ళలో సగానికి పైగా అప్పటికే ఆస్పత్రి గడప తొక్కారు. అక్కడ వాళ్ళ చేతిలో దగ్గు మందు సీసా పెట్టి పంపేశారు. లోపం జనంలో లేదు, కౌంటరు అవతల ఉంది. ఎవరో ఒకరు గుమ్మం ముందు నిలబడి ఓపిగ్గా అడిగి, విన్నది విన్నట్టు రాసుకోబట్టే ఆ సంగతి బయటికొచ్చింది.

అందుకే కింద ఎన్ని దారులు చెప్పినా నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను. జీవితమంతా కంప్యూటర్ ముందే పనిచేయాలనుకున్నా సరే, ఒక్క సీజనైనా డేటా పుట్టేచోట ఉండండి.

## ముందు ఏం చూడాలి

చాలామంది మొదట సంస్థ పేరు చూస్తారు. నేను దాన్ని ఆఖర్న చూడమంటాను. పెద్ద పేరున్న చోట చేరి, రెండు నెలలు ఎక్సెల్ షీట్లో పేర్లు సరిచేసి బయటికొచ్చినవాళ్ళను చూశాను. చిన్న ఎన్జీవోలో చేరి ప్రశ్నావళి రాయడం దగ్గర్నుంచి నేర్చుకున్నవాళ్ళనూ చూశాను.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది, మీతో వారం వారం కూర్చునేది ఎవరు అని. ప్రాజెక్టు హెడ్ గారికి మీ ముఖం కూడా తెలియకపోవచ్చు, అందులో తప్పులేదు. కానీ ఫీల్డ్ కోఆర్డినేటరో, పీహెచ్‌డీ చేసే అక్కో అన్నో ఒక్కరు మీ పని చదివి, ఇక్కడ ఇలా ఎందుకు రాశావని అడిగేవాళ్ళు ఉండాలి. ఆ మనిషి లేని చోట ఎన్నాళ్ళున్నా నేర్చుకునేది తక్కువ. రేపు సిఫార్సు లేఖ రాయాల్సింది కూడా ఆ మనిషే.

తర్వాత టైము. ఇంటర్నల్స్, ల్యాబులు, అటెండెన్స్ ఇవన్నీ పోను మీకు మిగిలేది ఏ గంటలు? ఆ గంటల్లో ఆ పని జరుగుతుందా? ఉదయం ఓపీలో జరిగే ఇంటర్వ్యూలకు, పదింటికి క్లాసున్న పిల్లలు ఒప్పుకుని ఇబ్బందిపడతారు.

డబ్బు గురించి సిగ్గుపడకుండా అడగండి. జీతం లేకుండా నేర్చుకునే పని ఉండొచ్చు, కానీ ప్రయాణ ఖర్చు, ఫోన్ డేటా ఖర్చు మీ జేబులోంచి పోకూడదు. మన అమ్మాయిలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేసిన శక్తి పథకం ఈ రాష్ట్ర నివాసులకే. ఆధార్‌లో చిత్తూరో హిందూపురమో ఉంటే టికెట్ కొనాల్సిందే. టీమ్‌లో మిగతా అమ్మాయిలకు బస్సు ఫ్రీ కాబట్టి ప్రయాణ ఖర్చు ఇవ్వం అంటే మీరు ఈ మాట చెప్పుకోవాలి.

ఇంకొకటి, భాష. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళిత మహిళలే. రాయలసీమ పల్లెల నుంచి ఒకటి రెండు తరాల కింద వచ్చిన కుటుంబాలు. కట్టుబడి సైట్ల పక్కన రేకుల షెడ్లలో పాలమూరు, అనంతపురం, కర్నూలు మాటలు వినబడతాయి. కిద్వాయి, జయదేవ, నిమ్హాన్స్ ఆస్పత్రుల ఓపీల్లో తెలుగు వినబడని రోజుండదు. అంటే ఈ ఊళ్ళో ఆరోగ్య అసమానతల మీద పనిచేసేవాళ్ళకు తెలుగు వచ్చిన పిల్లలు కావాలి. ఇది మీ బలం. అయితే దాన్ని ఊరికే దుబాసీ పనికి అప్పగించేయకండి. తెలుగు వచ్చని తీసుకున్నవాళ్ళను, విశ్లేషణ మీటింగుల్లో కూర్చోనిస్తారా అని అడగండి.

## ఒక్క చూపులో

| పని | రోజూ చేసేది | మిగిలేది | ఏ వేళల్లో | డబ్బు |
|---|---|---|---|---|
| ఇంటింటి సర్వే | బస్తీల్లో తిరగడం, ఫోన్లో ఫారం నింపడం | అడిగే నేర్పు, డేటా ఎలా తయారవుతుందో తెలియడం | ఆదివారాలు, సాయంత్రాలు, సెలవులు | ఎక్కువగా రోజు లెక్కన |
| ఆస్పత్రిలో ఇంటర్వ్యూలు, రికార్డులు | ఓపీ దగ్గర రోగులతో మాటలు, కేస్ షీట్ల నుంచి వివరాలు ఎక్కించడం | వైద్య వ్యవస్థ లోపలి నడక | పొద్దుటి పూట | తక్కువ, లేదా ఉండదు |
| ఇంటర్వ్యూల ట్రాన్స్‌క్రిప్షన్, అనువాదం, కోడింగ్ | హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడం, రాయడం, మాటలను విషయాల వారీగా గుర్తుపెట్టడం (దీన్నే కోడింగ్ అంటారు) | గుణాత్మక (అంకెలతో కాక మాటలతో చేసే) పరిశోధన పద్ధతి | మీకు వీలైన వేళ | ఆడియో నిడివి లెక్కన |
| జాతీయ సర్వేల డేటా విశ్లేషణ | ఆర్, స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్లలో పని | గణాంకాలు, పేపర్ రాసే అలవాటు | మీకు వీలైన వేళ | చాలాచోట్ల ఉండదు |
| లిటరేచర్ రివ్యూ | ఒక విషయం మీద అప్పటికే వచ్చిన పేపర్లు జల్లెడ పట్టడం | చదివే క్రమశిక్షణ | ఎప్పుడైనా | అరుదు |

## ఇంటింటి సర్వే

ఇందులోనే రెండు రకాలున్నాయి. ఒకటి, ప్రాజెక్టు కోసం మూడు నెలలకు మనుషుల్ని తీసుకుని, రోజుకిన్ని ఫారాలని టార్గెట్ పెట్టేది. రెండోది, అదే బస్తీలో ఏళ్ళ తరబడి పనిచేసే సంస్థ. బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ వాళ్ళు కేజీ హళ్ళిలో 2009 నుంచి పట్టణ ఆరోగ్యం మీద చేసిన పని రెండో రకం. 1984లో కమ్యూనిటీ హెల్త్ సెల్‌గా మొదలైన సొచారా అనే సంస్థది కూడా జనంతో కలిసి నడిచే సంప్రదాయమే. కుదిరితే రెండో రకం చోటే చూసుకోండి. అక్కడి ఆశా అక్కలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఆ సంస్థ మనుషులు ముందే తెలుసు. మీరు తలుపు తడితే, "ఎవరు పంపారు?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఈ పనిలో నేర్చుకునేది ఎలాంటిదో చెప్పాలంటే ఒక్క ప్రశ్న చాలు. ఫోన్లో కోబో టూల్‌బాక్స్ అనే సర్వే యాప్‌లో ఫారం తెరిచి, రేకుల షెడ్డులో ఉండే కదిరి ఆమెను అడుగుతారు, "రేషన్ కార్డు ఉందా అమ్మా?" అని. "ఉంది పాపా" అంటుంది. "ఉంది" అన్న గడి నొక్కితే ఫారం ముందుకు పోతుంది. కానీ కార్డు కదిరిలో అత్తగారింటి బీరువాలో ఉంది. ఒకే దేశం ఒకే రేషన్ కింద బియ్యం ఇక్కడ తీసుకునే వీలుందనుకోండి, ఆ కార్డు చూపించి కర్ణాటక ఆరోగ్య పథకంలో ఆపరేషన్ చేయించుకోలేదు. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీని 2019లో బెంగళూరులోని కొన్ని ఆస్పత్రులకు విస్తరించారు. అయితే ఏ ఆస్పత్రి, ఏ జబ్బు అన్నది షెడ్డులో ఉన్నామెకు ఎవరు చెబుతారు? రేపు రిపోర్టులో మాత్రం ఆమె "పథకం పరిధిలో ఉన్నవారు" అన్న వరుసలోకి పోతుంది. "కార్డు ఇక్కడుందా, ఊళ్ళో ఉందా?" అని ఇంకో మాట అడిగి, నోట్స్ గడిలో రాసి, సాయంత్రం టీమ్‌తో చెప్పే పిల్లలు ఆ సర్వేనే మార్చగలరు. మంచి కోఆర్డినేటర్ మర్నాటికల్లా ఆ ప్రశ్నను రెండుగా విడగొడతారు.

వేళలు కూడా జనాన్ని బట్టే. పౌరకార్మికులు తెల్లవారుజామునే పనిలోకి దిగుతారు కాబట్టి మధ్యాహ్నం తర్వాతే దొరుకుతారు, అదీ అలసిపోయి. పీణ్యా, బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో చేసేవాళ్ళు ఆదివారమే దొరుకుతారు, ఆ ఆదివారం బట్టలుతుక్కోవాలి, నీళ్ళు పట్టుకోవాలి. రాష్ట్రంలో 2022 డిసెంబరులో మొదలైన ప్రభుత్వ నమ్మ క్లినిక్‌లు వైద్యాన్ని వార్డు దగ్గరికి తెచ్చాయి. కానీ క్లినిక్ తెరిచి ఉన్న పగటిపూట వీళ్ళు కూలిలో ఉంటే ఏం లాభం అన్న ప్రశ్న, వాళ్ళ దినచర్య చూసినవాళ్ళకు తప్పకుండా తడుతుంది. ఈ రంగంలో సొంత పరిశోధన ప్రశ్నలు పుట్టేది ఇలాగే.

కష్టాలు దాచను. ఎండ, ట్రాఫిక్, ముఖం మీద వేసే తలుపులు ఉంటాయి. ఆడపిల్లల్ని ఇంటి దగ్గర అమ్మానాన్నలు చీకటి పడ్డాక బస్తీలకు పంపడానికి భయపడతారు, ఆ భయాన్ని కొట్టిపారేయను. ఇద్దరిద్దరుగా పంపుతారా, చీకటి పడే లోపల ముగిస్తారా, ఫీల్డ్‌లో ఎవరి నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి చేరేముందే అడగండి. "అదంతా మీరే చూసుకోవాలి" అనే చోట చేరొద్దు.

టార్గెట్ మరీ ఎక్కువగా ఉన్న చోట కూడా వద్దు. గంట పట్టే ఫారాలు రోజుకు డజను చేయమంటే ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని నింపడం మొదలుపెడతారు. మీ పేరు దానికి తగులుకోకూడదు.

కన్నడం రాకపోతే? తెలుగు కుటుంబాలకు సరిపోతుంది గానీ, చుట్టుపక్కల అందరితో మసలాలంటే పలకరింపు, వేళ, వయసు, దారి అడగడం అంత కన్నడం నేర్చుకోవాలి. పది పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది. చామరాజనగర్ వైపు బీఆర్ హిల్స్‌లో సోలిగ గిరిజనులతో పనిచేసే అవకాశం వస్తే మాత్రం కన్నడం బాగా రావాల్సిందే. డాక్టర్ సుదర్శన్ 1981లో మొదలుపెట్టిన వివేకానంద గిరిజన కల్యాణ కేంద్రం ఉన్నది అక్కడే. వారాంతాల్లో అయ్యే పని కాదు, వేసవి మొత్తం ఇవ్వగలిగినవాళ్ళకు.

## ఆస్పత్రిలో పని

మెడికల్ కాలేజీల కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు, సెయింట్ జాన్స్ లాంటి చోట్ల పరిశోధన సంస్థలు, నిమ్హాన్స్‌లో ప్రజారోగ్యం, ఎపిడెమియాలజీ వైపు ఇలాంటి పనులుంటాయి. ఓపీ నుంచి బయటికొచ్చే రోగిని, ఎంత దూరం నుంచి వచ్చారు, ఎంత ఖర్చయింది, ఎన్ని చోట్ల తిరిగి ఇక్కడికి చేరారు అని అడగడం, లేదా కేస్ షీట్ల నుంచి వివరాలు తీయడం.

వైద్యం, నర్సింగ్, ఫార్మసీ వాళ్ళకు ఇది చాలా దగ్గరి పని. లోటు ఏమిటంటే, ఇక్కడ కనబడేది రాగలిగినవాళ్ళే. బస్సు ఛార్జీ లేక, కూలి పోతుందని ఆగిపోయినవాళ్ళు మీ డేటాలో ఉండరు. అసమానత చదవాలని వచ్చి, అందులో అందరికంటే వెనకబడినవాళ్ళే లేకుండా లెక్క వేయడం అవుతుంది. ఆ సంగతి తెలిసి చేస్తే ఫర్వాలేదు, రిపోర్టులో రాయాలి కూడా.

ఇంకో సున్నితమైన విషయం ఉంది. మెడలో ట్యాగ్ వేసుకుని తెలుగులో పలకరించగానే మనవాళ్ళు ప్రాణం లేచొచ్చినట్టు చూస్తారు. "అమ్మా, మా టోకెన్ కొంచెం ముందుకు జరుగుతుందా?" అని అడుగుతారు. మీ ప్రశ్నలకు జవాబు చెబితే పని త్వరగా అవుతుందన్న ఆశతో ఇచ్చే సమ్మతి సరైన సమ్మతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు ఇలాంటి ఒత్తిడి గురించే హెచ్చరిస్తాయి. "నేను డాక్టర్ని కాను, నాకు చెప్పినా చెప్పకపోయినా మీ వైద్యంలో తేడా ఉండదు" అని మొదటే చెప్పాలి. మాట్లాడటం అయ్యాక మందుల కౌంటర్ ఎటో చూపిస్తే అది మంచితనం, ఆ పని తప్పకుండా చేయండి. వరస మాత్రం తారుమారు కాకూడదు.

## వినడం, రాయడం, అనువాదం

తెలుగు పిల్లలకు ఎక్కువగా వచ్చే పిలుపు ఇదే. తక్కువగా అంచనా వేసే పని కూడా ఇదే.

గంట ఆడియోను అక్షరం పొల్లుపోకుండా రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అనువాదం కూడా కలిపితే ఇంకా ఎక్కువ. వెనక మిక్సీ, కుక్కర్ విజిల్, బైకు హారన్ ఉంటాయి. డబ్బు మాట్లాడుకునేటప్పుడు ఆడియో గంటకు ఇస్తారా, మీరు పనిచేసిన గంటకు ఇస్తారా అన్నది తేల్చుకోకపోతే నష్టపోతారు. ఇద్దరి నోటా "గంటకు" అనే మాటే వస్తుంది, లెక్క మాత్రం నాలుగింతలు తేడా.

కానీ జాగ్రత్తగా వినేవాళ్ళకు ఇంత బాగా నేర్పే పని ఇంకోటి లేదంటాను. ఒక బాలింత ఇంటర్వ్యూ అనుకోండి. ఆస్పత్రిలో నర్సు ఎలా మాట్లాడిందో గలగలా చెబుతూ ఉంటుంది. తలుపు చప్పుడవుతుంది, ఎవరో గిన్నె కింద పెడతారు. అక్కడి నుంచి జవాబులన్నీ "బాగానే చూసుకున్నారు", "ఏం లేదు" అనే రెండు ముక్కలకు కుదించుకుపోతాయి. పైపైన టైప్ చేసేవాళ్ళు ఆ రెండు ముక్కలే రాస్తారు. మంచి అసిస్టెంట్ ఆ చోట, తలుపు చప్పుడైంది, పెద్దావిడ గొంతు వినబడింది, తర్వాత జవాబులు పొట్టివయ్యాయి అని కూడా రాస్తుంది. తర్వాత కోడింగ్ చేసేటప్పుడు ఆ వాక్యమే కీలకమవుతుంది.

సీమ యాస, పాలమూరు యాస, బెంగళూరులో పుట్టి పెరిగినవాళ్ళ కన్నడం కలిసిన తెలుగు, ఇవన్నీ ఒకేలా అర్థం కావు. మీకు తెలియని యాస ఇస్తే తెలియదని చెప్పండి. ఊహించి రాసిన వాక్యం కంటే "ఇక్కడ వినబడలేదు" అని రాసినదే నయం.

ఒప్పుకునేముందు అడగాల్సింది ఒక్కటే: కోడింగ్ మీటింగులకు పిలుస్తారా? పిలిస్తే వెళ్ళండి. ఫైలు పంపి, టైప్ చేసి వెనక్కి పంపడమే అయితే అది రాతపని, పరిశోధన అనుభవం అనిపించుకోదు. డబ్బు అవసరమైతే చేయండి, ఆ లెక్కలోనే చేయండి. ఆడియోలు మాత్రం వాళ్ళిచ్చిన ఫోల్డర్లోనే ఉండాలి. వాట్సాప్‌లో తిప్పుకోవద్దు, సొంత ఫోన్లో ఉంచుకోవద్దు, ఇంట్లో స్పీకర్లో పెట్టి వినొద్దు. ఆ గొంతు మీ వీధిలో ఎవరైనా గుర్తుపట్టగలిగినదే కావచ్చు.

## జాతీయ సర్వేల డేటా

స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్ పిల్లలు ముందుగా ఇటే చూస్తారు. ల్యాప్‌టాప్ ఉంటే చాలు, హాస్టల్లోంచి చేయొచ్చు, పేపర్‌గా మారే అవకాశం మిగతావాటికంటే ఎక్కువ. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5)లో 6,36,699 ఇళ్ళున్నాయి. వైద్య ఖర్చుల మీద పనిచేయాలంటే 2017–18 నాటి జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 75వ రౌండ్ ఉంది.

టెక్నిక్ తప్పులు త్వరగా సరిచేసుకోవచ్చు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ మహిళల ఫైల్లో వి005 అన్న వెయిట్‌ను (ఒక్కో జవాబుకు లెక్కలో ఎంత బరువివ్వాలో చెప్పే అంకెను) పది లక్షలతో భాగించి వాడాలన్నది మొదటి వారంలోనే ఎవరైనా చెబుతారు. కష్టమైనది అంకె వెనక మనిషిని ఊహించడం. సంపద సూచికనే చూడండి. ఫ్యాను, టీవీ, గ్యాస్, మొబైల్, పక్కా గోడ వంటివాటిని బట్టి దేశం మొత్తం ఇళ్ళను ఐదు వరసలుగా విడగొడతారు. బెంగళూరులో ఒకే గదిలో ఐదుగురు అద్దెకుంటున్న కుటుంబానికి కూడా ఇవన్నీ ఉండొచ్చు, పై వరసల్లోకి వెళ్ళిపోవచ్చు. అద్దె కట్టి, వడ్డీ కట్టి నెలాఖరుకు ఏం మిగులుతుందో ఆ సూచికకు తెలియదు. "నగరంలో పేదలు తక్కువ" అని టేబుల్ చెబితే నమ్మేసేది ఒక్క షెడ్డు కూడా చూడనివాళ్ళే.

అలాగే రక్తహీనత. 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో అది ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6, కర్ణాటకలో 47.8 అని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 చెబుతుంది. అనంతపురం నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో ఇటుకలు మోస్తున్నామె లెక్కకు వస్తే కర్ణాటక సగటులో కలిసిపోతుంది. సర్వే జరిగినప్పుడు సైటు మారితే ఎక్కడా లెక్కకు రాకపోవచ్చు. జిల్లా వరకు నమ్మదగిన అంకెలిచ్చే సర్వే ఇది. వార్డు స్థాయి, బస్తీ స్థాయి ప్రశ్నలకు దీన్ని లాగకండి.

పనిచేసేచోట సీనియర్ ఒకరు మీ కోడ్ చదువుతారా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రమాణం. ఎవరూ చదవని కోడ్‌తో వచ్చిన ఫలితం మీద మీ పేరు ఉండటం మంచిది కాదు.

## లిటరేచర్ రివ్యూ

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. రయ్యాన్ లాంటి టూల్‌లో వందల కొద్దీ సారాంశాలు చదివి ఉంచాలా తీసేయాలా అని గుర్తుపెట్టడం. ఇద్దరు విడివిడిగా చేసి పోల్చుకోవడం ఇందులో పద్ధతి. మొదటి ఏడాది పిల్లలకు, ప్రయాణం కుదరనివాళ్ళకు, ఆరోగ్య కారణాల వల్ల ఇంట్లో ఉండాల్సినవాళ్ళకు మంచి మొదలు. ఒక్క రివ్యూ చేశాక ఆపి వేరే పనికి మారండి.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

ఎంబీబీఎస్, బీడీఎస్ వాళ్ళకు అసిస్టెంట్ పని కాకుండా సొంత దారి ఒకటుంది. ఐసీఎంఆర్ 1979 నుంచి నడుపుతున్న షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. మీ కాలేజీలో గైడ్‌ను పట్టుకుని, రెండు నెలల్లో ముగిసే ప్రతిపాదన మీరే రాయాలి. ఎంబీబీఎస్ వాళ్ళు ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రాంలో దత్తత తీసుకున్న ఇళ్ళకు ఎలాగూ వెళ్తున్నారు, ప్రశ్న అక్కడి నుంచే తెచ్చుకోండి. అసిస్టెంట్‌గా ఒక వేసవి చేసి, మరుసటి ఏడాది దీనికి పెట్టుకుంటే ప్రతిపాదన బలంగా వస్తుంది.

సోషియాలజీ, సైకాలజీ, సోషల్ వర్క్ వాళ్ళు ఇంటర్వ్యూల పనితో మొదలుపెట్టి ఫీల్డ్‌కు వెళ్ళండి. మీకు వినడం వచ్చు, అంకెల భయం పోవాలి. చివర్లో మూడు నాలుగు టేబుళ్ళు మీరే చేస్తానని అడిగి చేయండి.

స్టాటిస్టిక్స్, ఇంజినీరింగ్ వాళ్ళకు ఎదురు సలహా ఇస్తాను. డేటా పని ఒప్పుకోండి గానీ, అదే సంస్థ సర్వే టీమ్‌తో కొన్ని ఆదివారాలు తిరగనిమ్మని అడగండి. ఫారంలో ప్రశ్నల వరస సరిగా కదలకపోవడం, ఒకే ఇల్లు రెండుసార్లు ఎక్కడం లాంటివి మీరు ఇట్టే పట్టుకుంటారు, టీమ్ సంతోషంగా తీసుకెళ్తుంది. వచ్చీరాగానే యాప్ తయారుచేస్తానని మాత్రం అనకండి.

ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్ళు, ఫీజు తామే కట్టుకునేవాళ్ళు: సర్వే లేదా ట్రాన్స్‌క్రిప్షన్. సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చే చోట్లకు మొహమాటపడి ఒప్పుకోవద్దు. పేదరికం మీద పరిశోధన చేస్తూ, పేదింటి పిల్లల శ్రమకు డబ్బివ్వనిచోట ఉండాల్సిన బాధ్యత మీకు లేదు.

విదేశాల్లో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌కు వెళ్ళాలనుకునేవాళ్ళు మూడు చోట్ల మూడు నెలల చొప్పున చేయకుండా, ఒకే చోట ఏడాది ఉండండి. మిమ్మల్ని ఫీల్డ్‌లోనూ టేబుల్ దగ్గరా చూసినవాళ్ళు రాసిన లేఖ వేరుగా ఉంటుంది. నాలుగేళ్ళ డిగ్రీ ఉన్న కాలేజీలో చదువుతూ, యూజీసీ నిబంధన ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకుంటే నాలుగో ఏడాది పరిశోధనతో ఆనర్స్ చేయొచ్చు. ఈ పనే డిసర్టేషన్ అవుతుందేమో మూడో ఏడాదిలోనే మాట్లాడుకోండి. కర్ణాటక ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 2024–25 నుంచి మూడేళ్ళ డిగ్రీకి తిరిగి వచ్చాయి కాబట్టి ఈ వీలు అందరికీ ఉండదు.

## సరే అనేముందు

ఈ ప్రాజెక్టుకు ఎథిక్స్ కమిటీ (పాల్గొనేవాళ్ళకు హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి ఉందా అని అడగండి. తడుముకుంటే ఆగిపోండి.

మానసిక ఆరోగ్యం ప్రశ్నలున్న సర్వే అయితే ఇంకొకటి అడగాలి. డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. ఎదుటి మనిషి "వస్తుంటాయి" అంటే మీరేం చేయాలి? అక్కడికక్కడ ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు వచ్చి చూస్తారు అన్నది కాగితం మీద రాసి ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వడం మంచిదే, కానీ ప్రాజెక్టు బాధ్యత ఆ నంబరు చెప్పడంతో తీరిపోదు. ఇరవై ఏళ్ళ పిల్లల్ని ఏ శిక్షణా లేకుండా ఈ ప్రశ్న అడగడానికి పంపే చోట చేరొద్దు.

పేపర్ మీద పేరు గురించి కూడా మొదట్లోనే మాట్లాడుకోండి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం, రచయిత అనిపించుకోవాలంటే పనిలో గట్టి భాగం ఉండాలి, రాతలోనో సవరణలోనో పాలుపంచుకోవాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, దానికి జవాబుదారీగా ఉండాలి. ఫారాలు నింపినంత మాత్రాన రచయిత కారు, కృతజ్ఞతల్లో పేరు వస్తుంది. రచయిత కావాలనుకుంటే, ఏ భాగం రాయనిస్తారని అడగండి. అలా అడగడం దురాశేమీ కాదు.

మెయిల్ పొడుగ్గా అక్కర్లేదు. వాళ్ళ ఏ పని చదివారో, అందులో మీకు తట్టిన ప్రశ్న ఏమిటో రెండు వాక్యాల్లో రాయండి. వారానికి ఏ రోజుల్లో ఎన్ని గంటలు ఇవ్వగలరో రాయండి. తెలుగు మాట్లాడటమేనా, చదవడం రాయడం కూడా వచ్చా, ఏ ప్రాంతపు మాట తెలుసు, కన్నడం ఎంతవరకు వచ్చు అన్నవి విడిగా ఒక వరుసలో పెట్టండి. చాలాసార్లు వాళ్ళు ముందు చూసేది ఆ వరుసనే. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. వేసవి పని కావాలంటే జనవరిలోనే రాయడం మొదలుపెట్టండి, ఎందుకంటే ఎథిక్స్ కాగితాల్లో మీ పేరు చేర్చి, శిక్షణ ఇచ్చి, ఫీల్డ్‌కు పంపేసరికి కొన్ని వారాలు అలాగే గడిచిపోతాయి.